పాటకు ముందే రేటు కుదిరితే

పంట కొనే వ్యాపారులు తమలో తాము ముందే మాట్లాడుకుని "ఇంతకు మించి ఎవరూ పాడొద్దు" అని కుదుర్చుకుంటే, దాన్ని వ్యాపారంలో తెలివి అనుకుని మనం ఊరుకుంటున్నాం. అది చట్టవిరుద్ధం. 2002 నాటి కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్‌లో అమ్మకం ధరతో పాటు కొనుగోలు ధర మాట కూడా స్పష్టంగా ఉంది. పోటీదారులు కలిసి ఆ ధరను నేరుగా గానీ, చాటుమాటుగా గానీ నిర్ణయించకూడదు. ఈ సెక్షన్ 2009 మే 20 నుంచి అమల్లో ఉంది. ఇన్నేళ్లలో అనంతపురం మార్కెట్ యార్డులో ధర్నాలు జరిగాయి, రోడ్ల మీద టమాటా పారబోశారు, కలెక్టరేట్ ముందు వినతిపత్రాలు ఇచ్చారు. ఆ వినతిపత్రాల్లో ఈ సెక్షన్ మాట నాకు కనబడలేదు.

కోతలు మొదలయ్యే ముందే ఈ హెచ్చరిక చేయడానికి కారణం ఉంది. రింగు, అంటే కొనేవాళ్ల కుమ్మక్కు, జరిగిందని నిరూపించే సాక్ష్యమంతా సీజన్‌లోనే పుడుతుంది, సీజన్‌తోనే పోతుంది. చీటీలు చెత్తబుట్టకు వెళ్తాయి, వాట్సాప్ సందేశాలు వాటంతటవే చెరిగిపోయేలా పెట్టుకుంటారు, లారీలు వెళ్లిపోతాయి. ఆరు నెలల తర్వాత లాయరు దగ్గరకు వెళ్లి "అందరూ ఒగటైనారు సార్" అంటే ఆయన మొదట అడిగేది "కాగితం ఏముంది?" అనే.

అనంతపురం నేల సంగతి వేరేగా చెప్పనక్కర్లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు, కాస్త అటూ ఇటూ వాన. చీనీ (బత్తాయి) చెట్టును బతికించడానికి వందల అడుగుల బోర్లు వేసి, అవి ఎండితే ట్యాంకర్లతో నీళ్లు తోలిన రైతులు నార్పల, పుట్లూరు, యల్లనూరు, గార్లదిన్నె మండలాల్లో ఊరూరా ఉన్నారు. అంత ఖర్చు పెట్టి పండించిన కాయ పక్వానికి వచ్చాక చెట్టు మీద ఎక్కువ రోజులు ఆగదు. కక్కలపల్లి మండీలకు వచ్చే టమాటా సంగతి ఇంకా అన్యాయం, రెండో రోజుకే మెత్తబడుతుంది. ఆగలేని సరుకు అమ్మేవాడికి, ఆగగలిగే కొనుగోలుదారుకు మధ్య బేరంలో రైతును కాపాడేది ఒక్కటే: కొనేవాళ్లు ఒకరితో ఒకరు పోటీ పడటం. ఆ పోటీ లేకపోతే వేలం పాట ఉత్త తంతు.

చీనీలో 'సూట్' అని ఒకటుంది. టన్నుకు ఇన్ని కిలోలని కాటాలో తీసేసి మిగిలిన దానికే డబ్బు లెక్కగట్టే పద్ధతి. రైతు సంఘాలు ఏళ్లుగా దీని మీద మొత్తుకుంటున్నాయి. మనం దీన్ని తూకం మోసంగా చూసి తూనికలు కొలతల శాఖకు అర్జీ పెట్టుకుంటున్నాం. పెట్టుకోవాల్సిందే. కానీ కాంపిటీషన్ కేసులు చూసే లాయరు అక్కడ మరో ప్రశ్న వేస్తారు: ఈ తరుగు ఒక్కో వ్యాపారి సొంతంగా తీస్తున్నదా, అందరూ కలిసి పెట్టుకున్న కట్టుబాటా? ఒక్కడు తీస్తే రైతు పక్క మండీకి పోవచ్చు. అందరూ ఒకే లెక్కన తీస్తూ, తీయనివాడిని యార్డులో నిలవనీయకపోతే, టన్ను ధరను చాటుగా కలిసి తగ్గించినట్టే. అప్పుడది తూకం దగ్గర ఆగదు, మూడో సెక్షన్ కిందికి వస్తుంది.

ఇది ఢిల్లీ పెద్ద కంపెనీల చట్టం, మనకెక్కడ పనికొస్తుందిలే అనుకునేవారికి 2006 గుర్తు చేయాలి. ఆ కథలో ముఖ్యుడు మన మడకశిర మనిషే.

బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. 450 గ్రాముల విత్తన ప్యాకెట్టు మీద, అందులోని జన్యువుకు గాను, మహికో-మోన్‌శాంటో బయోటెక్ కంపెనీ 1,250 రూపాయలు రాయల్టీ లాగేది. విత్తనం తయారీ ఖర్చు, డీలరు కమీషను దీనికి అదనం. గుంతకల్లు, విడపనకల్లు, ఉరవకొండ వైపు నల్లరేగడిలో పత్తి వేసేవాళ్లకు ప్యాకెట్టు ధర పదహారు వందలు దాటింది. జన్యువు ఆ కంపెనీ చేతిలోనే ఉంది, కాబట్టి విత్తన కంపెనీలకు వేరే దారి లేదు. అప్పటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ మంత్రి ఎన్. రఘువీరారెడ్డి దీన్ని విత్తన ధర తగాదాగా వదిలేయలేదు. రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు, అంటే 1969 నాటి ఎంఆర్‌టీపీ చట్టం కింద ఏర్పడిన సంస్థకు, ఫిర్యాదు చేసింది. వాదన సూటిగా ఉంది: ఇదే జన్యువుకు అమెరికా, చైనా రైతులు కట్టేదెంత, మా రైతు కట్టేదెంత?

2006 మేలో కమిషన్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ రుసుమును చైనా వంటి పొరుగు దేశాల్లో తీసుకునే స్థాయికి తగ్గించమంది. ఆ దన్నుతో రాష్ట్రం ప్యాకెట్టు ధర 750 రూపాయలు మించకూడదని ప్రకటించింది. కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్లినా ఆ ఉత్తర్వు ఆగలేదు. మిగతా పత్తి రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. మరుసటి ఏడాది, 2007లో, పత్తి విత్తన ధరలను నియంత్రించే చట్టాన్ని రాష్ట్రం తెచ్చుకుంది. ఒక్క సీజన్‌లో సగానికి పైగా ధర దిగింది. ఆ ఫిర్యాదులో ఆవేశం కన్నా అంకెలు ఎక్కువ ఉన్నాయి కాబట్టే అది నిలబడిందని నా అభిప్రాయం.

రెండో భాగం అంత తీపి కాదు, అది కూడా చెప్పాలి. 2016 ఫిబ్రవరిలో ఇదే జన్యువు రాయల్టీ మీద, పాత కమిషన్ స్థానంలో వచ్చిన కాంపిటీషన్ కమిషన్ కొత్త విచారణకు ఆదేశించింది. ఈసారి కేంద్ర వ్యవసాయ శాఖతో పాటు హైదరాబాద్ కేంద్రంగా ఉన్న నూజివీడు సీడ్స్ కూడా కమిషన్ గడప తొక్కింది. కోర్టుల్లో ఏళ్లు గడిచాయి. 2021లో విత్తన కంపెనీ, మోన్‌శాంటో రాజీపడ్డాయి. 2023 జులైలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం పేటెంటు వ్యవహారాల్లో పేటెంటు చట్టమే ప్రధానమని చెప్పి విచారణను కొట్టేసింది. ఏడేళ్లు నడిచిన కేసు పేటెంటు దగ్గర ఆగిపోయింది.

మండీలో జన్యువు లేదు, పేటెంటు లేదు. అక్కడ అడ్డం వచ్చేది సాక్ష్యం లేకపోవడమే.

"అన్ని మండీల్లోనూ ఒకే రేటు చెబుతున్నారు, ఇంతకంటే రుజువేం కావాలి?" అని రైతు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఒకే రేటు ఒక్కటే చాలదని సుప్రీంకోర్టు చెప్పేసింది. గ్యాస్ సిలిండర్లు తయారుచేసే కంపెనీలు ఇండియన్ ఆయిల్ టెండరులో కూడబలుక్కున్నాయని కాంపిటీషన్ కమిషన్ 2012లో జరిమానాలు వేస్తే, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు వాటిని రద్దు చేసింది. కొనేవాళ్లు ముగ్గురే, సరుకు ఒకటే, ఖర్చులు దాదాపు ఒకటే అయినప్పుడు ధరలు దగ్గరగా రావడం సహజం కావచ్చన్నది. మండీ వ్యాపారి తరఫు లాయరు రేపు చెప్పబోయేదీ ఇదే: ఢిల్లీలో చీనీ ధర అందరికీ ఫోన్‌లో తెలుస్తుంది, అందుకే అందరం ఒకే మాట అన్నాం.

దానికి ముందు ఏడాది, 2017 మేలో, అదే సుప్రీంకోర్టు మరో తీర్పిచ్చింది. గోదాముల్లో ధాన్యానికి పురుగు పట్టకుండా వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల కోసం భారత ఆహార సంస్థ 2009లో టెండరు పిలిస్తే, మూడు కంపెనీలు కిలోకు 388 రూపాయలనే కోట్ చేశాయి. పైసా తేడా లేదు. ఖర్చులు వేరు, ఫ్యాక్టరీలు వేరు ఊళ్లలో, అయినా ధర ఒకటే. పైగా ఆ తీరు అంతకు ముందు నుంచీ సాగుతోంది. కోర్టు దాన్ని కుమ్మక్కుగానే తేల్చింది, జరిమానా లెక్క మాత్రం ఆ బిళ్లల వ్యాపారం వరకే కట్టమంది. తర్వాత 2023 సవరణ ఆ వెసులుబాటునూ తీసేసింది. ఇప్పుడు కంపెనీ మొత్తం టర్నోవరు మీద లెక్క కట్టవచ్చు.

ఈ రెండు తీర్పుల మధ్య ఉన్న సందులోనే లాయరు పనంతా. ధర కలవడం ఒక్కటే చూపితే కేసు పోతుంది. ధర కలవడానికి మామూలు కారణం ఏదీ లేదని, వెనక మాటామంతీ జరిగిందని చూపితే నిలుస్తుంది. క్రిమినల్ కేసులో లాగా సందేహానికి తావులేని రుజువు అక్కర్లేదు, జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం అని కమిషన్‌కు నమ్మకం కలిగితే చాలు. కాబట్టి చీనీ రైతులు, టమాటా రైతులు ఈ సీజన్ నుంచే కొన్ని పనులు చేయాలి. బిల్లు బదులు తెల్ల చీటీ ఇస్తే పుచ్చుకుని పారేయకండి, ఫోటో తీసి తేదీతో దాచండి. ఉదయం పాట మొదలైన రేటు, ముగిసిన రేటు, ఎవరు పాడారు, ఎవరు పాడకుండా పక్కన నిలబడ్డారు, ఒక నోటుబుక్కులో రాయండి. అదే రోజు మదనపల్లెలో, కోలారులో టమాటా రేటెంతో పక్కన రాయండి. బయటి నుంచి కొత్త వ్యాపారి వస్తే అతన్ని ఎవరైనా అడ్డుకున్నారా అన్నది అన్నిటికన్నా విలువైన సంగతి. రింగు ఉన్న చోట కొత్తవాడిని నిలవనీయరు. ఒక్క రైతు నోటుబుక్కును కొట్టిపారేయవచ్చు, నలభై మంది పుస్తకాల్లో ఒకే రోజు ఒకే సంగతి ఉంటే కొట్టిపారేయడం కష్టం.

ఆ తర్వాత ఎక్కడికి పోవాలి? ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది. 'సీసీఐ' అంటే మన వైపు పత్తి కొనే కాటన్ కార్పొరేషనే గుర్తొస్తుంది. నేను చెప్పేది కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా, ఢిల్లీలో ఉంటుంది, దక్షిణాది కోసం చెన్నైలో ప్రాంతీయ కార్యాలయం పెట్టింది. ఇటువంటి దావాను అనంతపురం సివిల్ కోర్టులో వేసి ఏళ్లు పోగొట్టుకోవద్దు. కమిషన్ పరిధిలోని విషయాల్లో సివిల్ కోర్టులకు అధికారం లేదని చట్టం 61వ సెక్షన్ చెబుతోంది. కమిషన్‌కు ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు. స్వయంగా మీరే నష్టపోయి ఉండాలన్న నియమం లేదు, రైతు సంఘమైనా, వినియోగదారుల సంఘమైనా చాలు. పేరు బయటికి రాకూడదని కోరవచ్చు. రేపు అదే మండీలో సరుకు అమ్ముకోవాల్సిన రైతుకు ఇది చిన్న విషయం కాదు. కమిషన్ ముందు వాదించడానికి అడ్వకేట్ ఒక్కరే కాదు, చార్టర్డ్ అకౌంటెంట్, కంపెనీ సెక్రటరీ, కాస్ట్ అకౌంటెంట్ కూడా నిలబడవచ్చు. అనంతపురంలో అకౌంటెంట్లకు కొదవా?

గడువు మాత్రం గట్టిది. 2023 సవరణ తర్వాత, సంగతి జరిగిన మూడేళ్లలోపు దాఖలు చేయాలి. ఆలస్యానికి సరైన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు, కానీ ఆ దయ మీద ఆధారపడకండి.

ఈ దారిలో ఆశపెట్టి మోసం చేసేవాళ్లూ బయల్దేరతారు. "కేసు వేస్తే మీ డబ్బు వెనక్కి వస్తుంది" అని చందాలు పోగుచేసేవాడిని నమ్మకండి. కమిషన్ వేసే జరిమానా కేంద్ర ఖజానాకు పోతుంది, రైతుకు ఒక్క రూపాయి రాదు. నష్టపరిహారం కావాలంటే కమిషన్ తీర్పు తర్వాత ఎన్‌సీఎల్‌ఏటీ అనే అప్పీలు ట్రైబ్యునల్ ముందు వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. ఇవాళ లారీలో ఉన్న సరుకును ఈ చట్టం కాపాడదు. కమిషన్ డైరెక్టర్ జనరల్ విచారణకే ఏళ్లు పడుతుంది. వచ్చే సీజన్‌లోనూ, ఆపై సీజన్‌లోనూ రింగు కట్టడానికి జంకు పుట్టించడమే దీని వల్ల ప్రయోజనం. అది తక్కువేం కాదు.

ఇక వ్యాపారులకు. ఇన్నాళ్లూ జరుగుతున్నదే కదా, సంఘంలో కూర్చుని మాట్లాడుకుంటే తప్పేంటి అనుకునేవారికి ఈ హెచ్చరిక మరీ ముఖ్యం. మందుల దుకాణదారులు, సిమెంటు డీలర్లు, బోరు లారీల యజమానులు, కాంట్రాక్టర్లు, ఎవరైనా సరే, సంఘం సమావేశంలో రేటు తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో రాసుకుంటే మీ మీద సాక్ష్యం మీరే రాసిపెట్టినట్టు. డీజిలు పెరిగిందని ఎవరికి వారు రేటు పెంచుకోవచ్చు. కలిసి పెంచకూడదు. టెండర్లలో "ఈసారి నీది, వచ్చేసారి నాది" అని పంచుకోవడమూ ఇదే సెక్షన్ కింద తప్పే. ఉత్తరప్రదేశ్‌లో రైతుల పొలాల మట్టి పరీక్షల టెండర్లలో అలా పంచుకున్న సంస్థలకు కమిషన్ 2022లో జరిమానా వేసింది. చిన్న వ్యాపారులమని వదిలిపెట్టలేదు.

జరిమానా ఎంతో కూడా తెలుసుకోండి. రింగు నడిచిన ప్రతి ఏడాదికీ లాభానికి మూడు రెట్లు, లేదా టర్నోవరులో పది శాతం, ఏది ఎక్కువైతే అంతదాకా వేయవచ్చు. సంస్థ నడిపే మనిషి సొంత ఆదాయం మీద జరిమానా దానికి అదనం. వీటన్నిటికన్నా భయపడాల్సింది 46వ సెక్షన్‌కు. రింగులో ఉన్నవాళ్లలో ముందుగా వెళ్లి అంతా చెప్పేసినవాడికి జరిమానా నూటికి నూరు శాతం దాకా మాఫీ కావచ్చు. బీరు కంపెనీల కేసు చూడండి. ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాల్లో ధరలు కూడబలుక్కున్నందుకు 2021 సెప్టెంబరులో కమిషన్ 873 కోట్ల జరిమానా వేసింది. కింగ్‌ఫిషర్ తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ వాటా అందులో 750 కోట్ల పైమాటే. ముందుగా వెళ్లి చెప్పేసిన ఏబీ ఇన్‌బెవ్ కట్టింది సున్నా. మీ పక్కన కూర్చుని టీ తాగుతూ రేటు కుదుర్చుకుంటున్న మనిషే రేపు ఆ మొదటివాడు కావచ్చు.

సిమెంటు మాట ఎత్తాం కాబట్టి, తాడిపత్రి విషయం ఒక్క మాటలో చెప్పి ముగించలేం గానీ, వదిలేయడమూ కుదరదు. ఆ పట్టణం చుట్టుపక్కల సున్నపురాయి మీద పెద్ద సిమెంటు ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. ఒకటి అల్ట్రాటెక్‌ది. మరొకటి తలారిచెరువు దగ్గర పెన్నా సిమెంట్‌ది, ఆ కంపెనీని 2024లో అదానీ గ్రూపులోని అంబుజా 10,422 కోట్ల విలువ కట్టి కొనేసింది. అదే ఏడాది డిసెంబరులో ఇండియా సిమెంట్స్ అల్ట్రాటెక్ చేతికి వెళ్లింది, దానితో కడప జిల్లా చిలంకూరు ఫ్యాక్టరీ కూడా. కొనుగోళ్లు చట్టప్రకారమే జరిగాయి, అందులో వంక పెట్టేదేం లేదు. కానీ ఇల్లు కట్టుకునే మనిషి 2012 జూన్ 20 గుర్తుంచుకోవాలి. అల్ట్రాటెక్, అంబుజా, ఇండియా సిమెంట్స్ సహా పదకొండు కంపెనీలు సరఫరా, ధరలు కుదుర్చుకున్నాయని కమిషన్ 6,300 కోట్లకు పైగా జరిమానా వేసిన రోజు అది. విచారణ పద్ధతిలో లోపం ఉందని అప్పటి అప్పీలు ట్రైబ్యునల్ 2015లో కొట్టేస్తే, కమిషన్ మళ్లీ విని 2016లో మళ్లీ వేసింది, 2018లో ఎన్‌సీఎల్‌ఏటీ సమర్థించింది, కంపెనీలు సుప్రీంకోర్టుకెళ్లాయి. ఆ కేసు మొదలుపెట్టింది బిల్డర్ల సంఘం. మూడు పేర్లు రెండు చేతుల్లోకి వచ్చాక బస్తా రేటు మీద కన్నేసి ఉంచాల్సింది కూడా కొనేవాళ్లే.

చివరగా, ఇదంతా రైతు నోటుబుక్కు మీదకే తోసేయడం అన్యాయం. చట్టం 19వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం నేరుగా కమిషన్‌కు విషయాన్ని నివేదించవచ్చు, ఒక చట్టం కింద ఏర్పడి మార్కెట్‌ను నియంత్రించే సంస్థ కూడా నివేదించవచ్చు. 1966 నాటి మార్కెట్ల చట్టం కింద ఏర్పడిన వ్యవసాయ మార్కెట్ కమిటీకి ఆ నిర్వచనం అతికినట్టు సరిపోతుంది. కమిటీ దగ్గర లైసెన్సుల జాబితా ఉంది, రోజువారీ రాబడి లెక్క ఉంది, ఎవరెంత కొన్నారో తెలుసు. రైతు ఏళ్ల తరబడి పోగుచేయాల్సిన సాక్ష్యంలో సగం వాళ్ల బీరువాలోనే ఉంది. 2025 వేసవిలో తోతాపురి మామిడికి ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 కలుపుతుందని ప్రకటించినప్పుడు, ఫ్యాక్టరీలు ఆ ఎనిమిదీ ఇవ్వడం లేదని చిత్తూరు రైతులు మొత్తుకున్నారు. అటువంటి సందర్భంలో ఖజానా నుంచి డబ్బు కలిపితే సరిపోదు, కొనేవాళ్లు కుమ్మక్కయ్యారో లేదో తేల్చమని కమిషన్‌ను అడగాలి. 2006లో అడిగిన రాష్ట్రమే ఇది.

అనంతపురం మార్కెట్ కమిటీ చైర్మన్‌కు, కార్యదర్శికి, జిల్లా కలెక్టరుకు మా విన్నపం: ఈ చీనీ కోతలు మొదలయ్యేలోపు సూట్ తీయకూడదని యార్డు గేటు దగ్గర బోర్డు పెట్టండి, ప్రతి పాట రేటూ, పాడినవారి పేర్లూ రోజూ గోడ మీద అంటించండి, తెల్ల చీటీలు ఆపించండి. రైతులు, రైతు సంఘాలు ఆ కాగితాలను ఫోటో తీసి దాచుకోండి. ఒక్క సీజన్ లెక్కలు చేతికొస్తే కమిషన్‌కు పంపడానికి ఒక దరఖాస్తు, దాని కింద కమిటీ తీర్మానం చాలు.